సారివలస గోడ ఎర్రబడ్డ సంగతి

లక్ష్మణమ్మ సంచి పట్టుకుని ముందు మెట్లు ఎక్కుతుంటే నీలవేణి వెనక మెట్లు దిగిపోయేది. ఇది నేను కళ్ళారా చూశాను, అదీ ఒకసారి కాదు. విజయనగరంలో కోట వైపు పోయే రోడ్డులో నాకో జిరాక్సు కొట్టు ఉంది. కొట్టు మీద మేడలో సర్వే ఆఫీసు, నీలవేణి పని అక్కడే. వాళ్ళ రంగు బొమ్మలన్నీ పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి ఇచ్చేది నేనే. గణపతిరావుకి ముక్కు మీద కోపం అని ఈ వీధిలో అందరూ అంటారు. నిజమే, అడ్డగోలు పని చూస్తే నాకు ఆగదు. ఒక ముసలావిడ గజపతినగరం అవతల నుంచి రెండు ఆటోలు మారి, ఒళ్ళో ఆనపకాయా చోడిపిండీ పెట్టుకుని వస్తే, చదువుకున్న పిల్ల తేలు కుట్టిన దొంగలా జారుకోవడం ఏమిటని నాకు మండిపోయేది.

పైన మనిషి లేదని తెలిశాక లక్ష్మణమ్మ నా కొట్లోకే వచ్చి స్టూలు మీద కూర్చునేది.

"నీలా ఏదీ బాబూ? మిసను పట్టుకుని ఊర్లమ్మట ఎలిపోనాదా?" అనేది.

అవుననేవాణ్ణి. అలా చెప్పమని ఆ పిల్ల నన్ను అడగలేదు. మరింకేం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

"ఇది దానికి ఇయ్యి. ఆ గుంట సెప్పబట్టి బతికున్నాం. లేపోతే ఆ గోడ కింద మా ఈదంతా పోయేది" అని సంచి నా బల్ల మీద పెట్టి, చెంగుతో మెడ తుడుచుకుని వెళ్ళిపోయేది. సాయంత్రం నీలవేణి కిందికి వచ్చి సంచి వైపు చూసేది. ముట్టుకునేది కాదు. "మీరే వండించుకోండి బాబాయ్" అనేది. ఆ ఆనపకాయలన్నీ మా ఇంట్లోనే ఉడికాయి. మా ఆవిడ పులుసు పెట్టిన ప్రతిసారీ ఆ ముసలావిడ ఎవరని అడిగేది.

ఒక ఏడాది రోహిణి కార్తె ఎండల్లో కూడా ఆవిడ వచ్చింది. పిల్ల వెనక మెట్లు దిగింది. ఆ సాయంత్రం ఇక నేను ఊరుకోలేదు.

"ఒసే నీలా, ఆ ముసిల్ది నీకేటి సేసింది? ఎండలో పడి వస్తే గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వడానికి ఏటి రోగం నీకు? సదువుకున్నావు, సిగ్గు లేదేటి?" అన్నాను.

"ఆవిడ నాకేటీ సెయ్యలేదు బాబాయ్. నానే ఆవిడ కొంప కూల్చినాను" అంది.

కరెంటు లేక మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. స్టూలు చూపించాను. కూర్చుని చెప్పింది. ఇప్పుడు నేను రాస్తున్నది నీలవేణి చెప్పిందీ, ఆ తర్వాత నేను చూసిందీ.

నీలవేణిది గజపతినగరం పక్కన ఒక పల్లె. తండ్రి ఎల్లాజీకి పల్లంలో కాస్త వరి, మెట్టలో నువ్వులు. ఆడపిల్లకు సివిలు డిప్లొమా ఎందుకని అన్నవాళ్ళందరికీ ఎల్లాజీ ఒకటే జవాబు చెప్పేవాడట: "మా పొలం గట్టు ఎవడు ఎంత జరిపినాడో కొలిసి సెప్తాది, ఉండండి." గట్టు కొలవలేదు గానీ, ఆ పిల్ల అంతకన్నా చిత్రమైన పని నేర్చింది. పై ఆఫీసు యజమాని పృథ్వీరాజ్ గారు హైదరాబాదు నుంచి ఒక స్కానరు తెచ్చాడు. మూడు కాళ్ళ మీద నిలబెడితే తల తిప్పుకుంటూ చుట్టూ ఉన్నదంతా చుక్కలుగా ఎక్కించుకుంటుంది. ఇంటి ముందు ముగ్గు చుక్కల్లాంటివే, కాకపోతే అవి కోట్లలో ఉంటాయి. ఆ చుక్కలన్నీ కంప్యూటర్లో పోస్తే గోడ గోడలా, చెట్టు చెట్టులా నిలబడతాయి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి అదే గోడను ఇంకోసారి తీస్తారు. పాత చుక్కల మీద కొత్త చుక్కలు పరిచి తేడా చూస్తారు. కదలని చోటు ఆకుపచ్చ. ముందుకు వచ్చిన చోటు పసుపు, ఇంకా వస్తే ఎరుపు. వెనక్కి పోతే నీలం. వంతెన వంగిందా, గట్టు జారిందా, గోడ ఉబ్బిందా, అన్నీ ఆ రంగుల్లోనే తెలుస్తాయి.

ఒక మాట మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. ఎంత కదిలితే ఎరుపు అన్నది గోడ చెప్పదు. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు చెబుతారు. గోరంత కదిలినా ఎరుపు రావాలంటే వస్తుంది, జానెడు కదిలినా ఆకుపచ్చగానే ఉండాలంటే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ బొమ్మలు ప్రింటు తీస్తూ, రంగులు యంత్రమే వేసుకుంటుందని నేను అనుకునేవాణ్ణి.

సారివలసలో ఒక పాత జమీందారీ ప్రహరీ ఉండేది. జమీందార్లు పోయారు, లోపలి దివాణం కూలిపోయింది, గోడ మాత్రం మిగిలింది. ఇటుకా సున్నమూ కలిపి కట్టిన మందమైన గోడ. దానికి వీపు ఆనించి ఒక వరస ఇళ్ళు. కౌలు సేద్యం చేసుకునే మనుషులు, కూరగాయల మళ్ళు పెట్టుకునే ఆడవాళ్ళు. గోడ పక్కగా పోలమ్మ తల్లి గద్దె. అందుకే ఆవిణ్ణి గోడ పోలమ్మ అనేవారు. ఏ ఇంటి వెనక ఎంత గోడ ఉంటే అంత గోడ ఆ ఇంటి ఆడవాళ్ళది. ఏటేటా అమ్మవారి సంబరానికి ముందు ఎవరి భాగానికి వాళ్ళు ఎర్రమట్టీ పేడా ఊకా కలిపి పూత వేసి, మీద సున్నం కొట్టి, ముగ్గులు పెట్టేవారు. ఆ పూత వేయని కోడలికి ఆ వీధిలో మాట చెల్లేది కాదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ వీధి కప్పులన్నీ ఎగిరిపోయాయి. జనం పిల్లాపాపలతో గోడ మొదట్లో వరసగా ముడుచుకుని కూర్చున్నారట. గోడ నిలబడింది, మనుషులు దక్కారు. తుఫాను వెళ్ళాక అధికారులు వచ్చి, ఇంత పాత గోడ, ఇంత గాలికి ఏమైనా కదిలిందేమో, ఇక ముందు కదులుతుందేమో చూడమని పృథ్వీరాజ్ గారికి పని ఇచ్చారు. అలా శివరాత్రికి ముందు నీలవేణి స్కానరు భుజాన వేసుకుని సారివలస వెళ్ళింది.

అక్కడ పరిచయమైంది లక్ష్మణమ్మ. గోడకు ఆనుకున్న ఇళ్ళల్లో చివరిది ఆవిడది. భర్త సూరయ్య. పొద్దున్న మడికి నీళ్ళు పెట్టి వచ్చాక ఆయన గోడకు వీపు ఆనించి కూర్చుని తాడు పేనుకునేవాడు. ఎండాకాలంలో కూడా ఆ గోడ చల్లగా ఉండేదట. వచ్చిన పిల్ల తమ వైపు మాటే మాట్లాడుతోందని లక్ష్మణమ్మకు ముచ్చటేసి, చోడి అంబలి ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఓలమ్మా, ఇది గోడ లోపల ఏటున్నాదో సూస్తాదేటి?" అని అడిగింది.

"లేదు మామ్మా. పైపైనే సూస్తాది. తోలు సూస్తాది, ఎముకలు సూడదు" అని చెప్పింది నీలవేణి.

ఈ మాట వీధిలో ఇంకెవరికీ తెలియదు. మిగతావాళ్ళకు అది ఎక్సరే మిషను.

అప్పుడు చేయవలసిన పని ఒకటి మానేశారు. గోడ రెండో వైపు కూడా తీయాలి. గోడ నిజంగా ఒక వైపుకు వచ్చిందంటే రెండో వైపు వెనక్కి పోవాలి కదా. కానీ అవతల అంతా సర్కారు తుమ్మ, పాములు. కొట్టించాలంటే కూలి మనుషులు కావాలి, మరో పూట పోతుంది. ఒక వైపు చాలులే అన్నాడు పృథ్వీరాజ్ గారు. నీలవేణి కూడా సరేనంది.

వైశాఖంలో పోలమ్మ సంబరం వచ్చింది. తొలేళ్ళ నాడు, అంటే ముందురోజే, రమ్మని లక్ష్మణమ్మ కబురు పెట్టింది. నీలవేణి వెళ్ళేసరికి వీధి ఆడవాళ్ళంతా మోచేతుల దాకా మట్టిలో ఉన్నారు. లక్ష్మణమ్మ రోలు బోర్లించి దాని మీద నిలబడి పైదాకా పూస్తోంది. "సంబరానికొచ్చిన ఆడపిల్ల సెయ్యి పడాల" అని ఒక ముద్ద తీసి నీలవేణి చేతిలో పెట్టింది. ఈ పిల్ల చుడీదారు చేతులు పైకి మడిచి, తన ఎత్తుకు అందినంత మేర నున్నగా పూసింది. అందరూ నవ్వారు. ఆమె చూసింది చివరి పూత ఒక్కటే. దానికింద ఆ సంబరానికే అంతకు ముందు ఎన్ని పూతలు పడ్డాయో ఆమెకు తెలియదు.

దసరా వెళ్ళాక రెండోసారి స్కానింగు. వానలకు సున్నం చారలు కట్టి, పూత పాతబడి, గోడ ఎప్పట్నుంచో అలాగే ఉన్నట్టు కనిపించింది. ఆఫీసుకు వచ్చి పాత చుక్కల మీద కొత్త చుక్కలు పరిచింది. గోడ కింది సగం ఎర్రగా వచ్చింది. పైసగం ఆకుపచ్చ.

పాత గోడలు నీళ్ళు తాగితే కింద పొట్ట వస్తుందని చదువుకుంది. ఇది అచ్చం అలాగే ఉంది. కానీ ఎరుపు ఆగిన అంచు తిన్నగా లేదు. ఒకచోట పైకి, ఒకచోట కిందికి, వంపులు వంపులుగా ఉంది. గోడ ఉబ్బితే ఇలా ఆగుతుందా?

"అనుమానం రాలేదా?" అని అడిగాను నేను.

"వచ్చినాది బాబాయ్. పూత అని కూడా అనుకున్నాను. మా అమ్మ ఏస్తాది కదా, గోరు మందం ఉంటాది. ఇది అంతకన్నా సానా ఎక్కువ సూపిస్తన్నాది. పూత కాదులే అనుకున్నాను." కాసేపు ఆగి, నేల చూస్తూ అంది, "అబద్దం. కాదులే అనుకోలేదు. కాకపోతే బాగుణ్ణు అనుకున్నాను. నా కాడికి అప్పటిదాకా అన్నీ పచ్చ బొమ్మలే వచ్చినాయి. ఎర్ర బొమ్మ అదే మొదలు."

అప్పుడే పృథ్వీరాజ్ గారు వెనక నుంచి వచ్చి తెర చూసి, "అబ్బో! ఇదీ పట్టుకోవడమంటే!" అన్నాడట. ఆఫీసులో నలుగురూ వచ్చి చూశారు. ఆ పొగడ్త చెవిలో పడ్డాక అనుమానం నోటిదాకా వచ్చినా బయటికి రాలేదు. పైగా బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండాలని రంగు కొలత బిగించింది. ఎరుపు నిగనిగలాడింది. ఆ బొమ్మను నేనే ప్రింటు తీశాను. ఎర్ర సిరా అంతా తాగేసిందని గొణుక్కున్నాను కూడా.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. అధికారులు కూర్చున్న మీటింగులో ఆ బొమ్మ గోడకు అంటించారు. ఎరుపు చూసినవాడెవడు కాదంటాడు? ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. రైలు పట్టాల అవతల మెట్ట మీద స్థలాలు ఇచ్చి, రేకుల ఇళ్ళు వేశారు. మళ్ళు ఇవతల, మనుషులు అవతల. బోరు నీళ్ళు ఉప్పన. అయినా జనం ఏడుస్తూనే దండం పెట్టి వెళ్ళారు. ప్రాణం కన్నా ఇల్లు ఎక్కువా?

గోడ పడగొట్టే రోజు నీలవేణి ఫోటోలకని వెళ్ళింది. పొక్లెయిన్ మొదటి దెబ్బకు మట్టిపూత పలకలు పలకలుగా ఊడి కింద పడింది. రెండు వేళ్ళ మందం. వెనక ఇటుక తాడు పట్టి కట్టినట్టు తిన్నగా ఉంది. ఎక్కడా పొట్ట లేదు, చీలిక లేదు. మిషను పళ్ళు గీసుకుపోయాయే తప్ప గోడ రాలేదు. డ్రైవరు ఇంజను ఆపి దిగి తిట్టాడు.

"కదిలిపోతన్నాదని ఎవుడు సెప్పినాడ్రా బాబూ? గోడ కాదు, నా బండి కదిలిపోతన్నాది!"

చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. నీలవేణి ఫోటోలు మానేసి బస్సెక్కింది. ఆఫీసుకు వచ్చి పట్టపగలే తలుపు వేసుకుని ఆ బొమ్మ మళ్ళీ తెరిచింది. ఎరుపు అంచులో వంపులు చూసింది. ఒక్కో వంపూ ఒక్కో ఆడమనిషి చేయి అందినంత ఎత్తు. చివర బాగా పైకి పోయింది రోలు మీద నిలబడిన లక్ష్మణమ్మ. దాని పక్కన కిందుగా ఉన్న చిన్న వంపు తనది. గోడ కదిలిందన్న రుజువులో తన చేయి కూడా ఎర్రగా ఉంది.

పృథ్వీరాజ్ గారికి చెప్పింది. ఆయన ముందు బొమ్మ మూసేయమన్నాడట. తర్వాత, "గోడ లేదు, వాళ్ళు క్షేమంగా ఉన్నారు. ఇప్పుడు కెలికితే ఎవరికి లాభం?" అన్నాడు. అక్కడికి ఆఫీసు లెక్కలో అది అయిపోయింది. నీలవేణి లెక్కలో కాలేదు. ఆ ఏడాది నుంచే లక్ష్మణమ్మ సంచితో రావడం మొదలుపెట్టింది.

"తిడితే పడతాను బాబాయ్. దండం పెడతన్నాది. దాన్ని ఎలగ పడాల?" అంది ఆ సాయంత్రం. ఏడవలేదు. ఏడిస్తే నాకు కోపం తగ్గేదేమో.

నేను ఊరుకునే మనిషిని కాదు. చేసిన పాపం చెబితే పోతుందన్నారు, వెళ్ళి చెప్పెయ్యమన్నాను. చెబితే వాళ్ళు తిడతారు, కొడతారు, అంతే కదా. చెప్పకపోతే ప్రతి ఏడూ ఆ మెట్లు దిగుతూనే ఉండాలి. వారం పది రోజులు నానబెట్టింది. చివరికి ఒక ఆదివారం, "మీరూ రండి బాబాయ్, ఒక్కదాన్నీ ఎల్లలేను" అంది. కొట్టు మూసి స్కూటరు తీశాను.

కాలనీ మెట్ట మీద ఉంది. నీడ అన్నది లేదు. పోలమ్మకు ఒక సిమెంటు దిమ్మ కట్టారు, దాని వెనక ఏమీ లేదు. లక్ష్మణమ్మ ఇంటి పక్క ఆనపపాదు పందిరి కింద గడ్డి పీకుతోంది. మమ్మల్ని చూసి, "ఓలమ్మా! నా తల్లే వచ్చినాది" అని మట్టి చేతులు చెంగుకు తుడుచుకుంది. సూరయ్య గడప లోపల మంచం మీద ఉన్నాడు. ఆయన రోజూ పొద్దున్నే పట్టాలు దాటి పాత జాగాకు నడిచి వెళ్ళి, ఎండ ఎక్కేదాకా కూర్చుని వస్తాడని ఆవిడే చెప్పింది. ఆనుకోవడానికి అక్కడ ఏముంది? నేల మీదే కూర్చుంటాడట.

నీలవేణి కూర్చోలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకునే అంది.

"మామ్మా, ఆ గోడ కదల్లేదు. నా బొమ్మ తప్పు. అది పూత. మీరు పూసిన పూతే ఎర్రగా కనపడినాది. నాకు అప్పుడే అనుమానం వచ్చినాది, సెప్పలేదు. మీరు ఉత్తినే ఇళ్ళు ఒదులుకున్నారు."

ఆవిడ అరుస్తుందని నేను చూస్తున్నాను. లక్ష్మణమ్మ ముందు గడప వైపు చూసింది. తర్వాత నీలవేణి మణికట్టు పట్టుకుని పందిరి వెనక్కి లాక్కుపోయింది. నేనూ వెళ్ళాను.

"మెల్లగా మాటాడు. ముసిలోడికి సెవులు బాగానే ఇనపడతాయి" అంది. "నాకు తెల్దనుకున్నావేటి? ఆ మిసను తోలే సూస్తాదని నువ్వే కదా నాకు సెప్పినావు. పూత ఊడి పడినప్పుడు నానూ అక్కడే ఉన్నాను. ఈదోళ్ళు ఇంకెవులూ రాలేదు."

నీలవేణి చేతిలో గ్లాసు పందిరి గుంజ మొదట్లో పెట్టింది.

"ఒక పూత సాలన్నారు ఈదిలో అందరూ. నానే ఇన్లేదు. తుపాను నాడు, అమ్మా పోలమ్మా, ఈ గోడ నిలబెట్టు, రెండు వేళ్ళ మందం పూత ఏయిస్తానని మొక్కినాను. గోడ నిలబెట్టినాది. మొక్కు తీర్సకపోతే కీడని నానే ఇంటింటికీ తిరిగినాను. ఎవుతి పలసగా ఏస్తే దానితో దెబ్బలాడినాను. నీకు నానే కదా ముద్ద సేతికిచ్చినాను. అమ్మ నిలబెట్టిన గోడని నానే పడగొట్టించినాను."

"మామ్మా, తప్పు నాది. నాను సదువుకున్నదాన్ని. మీరు మొక్కు తీర్సుకున్నారు, అంతే కదా" అంది నీలవేణి.

"ఎవులిదైతే ఏటి? ఈదిలో ఎవులికైనా తెలిస్తే నా మొకం సూస్తారేటి? ఆ ముసిలోడు సూస్తాడేటి? గోడ ఎలాగూ పడిపోద్దని, బతికినాం సాలని, మనసుకి సెప్పుకుని ఉన్నాడు. ఊరికే పోయినాదని తెలిస్తే, అదీ నా మొక్కు వల్ల పోయినాదని తెలిస్తే..." ఆవిడ మళ్ళీ గడప వైపు చూసింది. "అందుకే నీ కాడికి వస్తన్నాను. నీలా బొమ్మ తీసినాది, గోడ కదిలినాది, మనల్ని బతికించినాది అని పదిమందికి సెప్తే వాళ్ళు నమ్ముతారు. సెప్పగా సెప్పగా ఒక్కోపాలి నాకూ నిజమే అనిపిస్తాది. నువ్వు ఎనకమెట్లు దిగిపోతావని నాకు తెల్దేటి? పారిపోకు. నానిచ్చింది తీసుకో. నువ్వు తీసుకోకపోతే నా మాట నిలబడదు."

పాపం చెబితే పోతుందని ఇంత దూరం తీసుకొచ్చినవాణ్ణి నేనే. ఇక్కడ చూస్తే ఈ పిల్ల పాపం చెప్పుకోవాలంటే ముందు ఆ ముసలావిణ్ణి వీధిలో నిలబెట్టాలి. ఎవరి మీద కోప్పడాలో తెలియక, పందిరి గుంజ ఎందుకు వంకరగా ఉందని లక్ష్మణమ్మను అడిగాను.

"ఎవురే వచ్చినారు?" అని లోపలి నుంచి కేక. సూరయ్య గోడ పట్టుకుని గడప దాటి వచ్చాడు. రేకుల ఇంటి గోడ వేడికి చేయి వెంటనే తీసేశాడు. నీలవేణిని పోల్చుకుని ముఖం విప్పారింది.

"నువ్వటే అమ్మా! నిన్ను ఒకటి అడగాలని సానా దినాల్నుంచి అనుకుంటన్నాను. ఇది అడగనియ్యదు." భార్య వైపు చూపించాడు. "ఆ గోడ కాడ నాను పుట్టినాను, నా బాబు పుట్టినాడు. ఎప్పుడూ ఏటీ అవలేదు. ఇసయం తెలిసినదానివి, నువ్వు సెప్పు. మేం అక్కడే ఉండిపోతే, నిజంగా మా మీద పడిపోయేదేనా?"

లక్ష్మణమ్మ కిందికి వంగి గడ్డి పీకడం మొదలుపెట్టింది. వట్టి నేలను కూడా పీకుతోంది. నీలవేణి ఆవిణ్ణి చూసింది. నన్ను చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"పడిపోయేది తాతా" అంది. "ఆ మీదటి వానలకే పడిపోయేది."

"అదీ!" అన్నాడు సూరయ్య. గట్టిగా ఊపిరి వదిలాడు. "నానూ అదే అనుకుంటన్నాను. సల్లగా ఉండు తల్లీ."

ఆయన రెండు చేతులూ నీలవేణి తల మీద పెట్టాడు. ఆయన చేతులు తీసేదాకా ఆ పిల్ల తల ఎత్తలేదు.